ప్యాడ్లు మార్చినంత మాత్రాన బ్రేకులు బాగయినట్టు కాదు

రెండు బ్రేక్ ప్యాడ్లు ఎదురుగా పెట్టుకుని ఇది రాస్తున్నాను. రెండూ ఒకే చక్రానివి. మా కారు ముందు ఎడమ చక్రం కాలిపర్‌లోంచి, అంటే ప్యాడ్లని డిస్క్‌కి అదిమే పట్టులోంచి, నిన్న నేనే తీశాను. ఒకే డబ్బాలోవి, ఒకే రోజు బిగించినవి. బయటివైపు ప్యాడ్ మీద ఇంకా 9 మిల్లీమీటర్ల మందం ఉంది, అంచులు కూడా సరిగ్గా అరగలేదు. లోపలివైపు దానికి 2 మిల్లీమీటర్లు లేదు. ఒక మూలైతే కింద ఉన్న ఇనప రేకు తేలి, చక్రంతో పాటు తిరిగే డిస్క్‌ని గీకిన మెరుపు కనిపిస్తోంది. ఇవి వేయించి ఎనిమిది నెలలే అయింది.

ఆ ఎనిమిది నెలల కిందటి బిల్లు ఇంకా నా దగ్గరుంది. అందులో "బ్రేకులు మార్చాం" అని రాసి ఉంది. నేనూ అలాగే నమ్మాను. ఇంట్లో అందరికీ అదే చెప్పాను.

మా బండికి 18 ఏళ్లు. ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు, వెనక చక్రాలకి డ్రమ్ము బ్రేకులు. ఇంజన్ ఇప్పటికీ మొదటి తాళానికే స్టార్ట్ అవుతుంది, తుప్పు పెద్దగా పట్టలేదు. ఇన్నేళ్లలో బ్రేకులకి మేము చేయించిందల్లా ఒక్కటే, ప్యాడ్లు అరిగినప్పుడల్లా కొత్తవి వేయించడం. పాత బండ్లు నడిపేవాళ్ళలో ఎక్కువమంది చేసేది ఇదే. ఇది చాలదని, ప్యాడ్లు మార్చడం వేరు, బ్రేకులు బాగుచేయించడం వేరని గట్టిగా చెప్పడానికే ఈ వ్యాసం.

అసలు ఏం జరిగిందంటే, ఓ రోజు కొండ రోడ్డు దిగుతున్నాం. బండిలో నలుగురం, డిక్కీ నిండా సామాను. మలుపు వచ్చినప్పుడల్లా బ్రేక్ తొక్కుతూ వస్తున్నాను. సగం దూరం దాటాక ఒక మలుపు ముందు పెడల్ నొక్కితే స్పాంజి మీద కాలేసినట్టు మెత్తగా కిందికి దిగిపోయింది. గుండె ఝల్లుమంది. గబగబా నాలుగైదుసార్లు పంప్ చేస్తే కాస్త పట్టింది. గేర్ రెండోదానికి దించి, హ్యాండ్ బ్రేక్ మెల్లమెల్లగా లాగుతూ, రోడ్డు వెడల్పుగా ఉన్నచోట పక్కకి తీసి ఆపాను. ఎడమ చక్రం దగ్గర ఏదో కాలుతున్న వాసన. వెనక సీట్లో ఎవరూ మాట్లాడలేదు. ఒక అరగంట ఆగి మళ్ళీ నొక్కి చూస్తే పెడల్ ఎప్పటిలాగే గట్టిగా ఉంది, ఏమీ జరగనట్టు.

మర్నాడు షెడ్డుకి తీసుకెళ్తే అక్కడి మెకానిక్ పెడల్ నొక్కి చూసి, "బాగానే ఉంది కదా సార్, మొన్ననేగా ప్యాడ్లు వేశాం" అన్నాడు. అతను అబద్ధమాడలేదు. చల్లగా ఉన్నప్పుడు నిజంగానే బాగుంది. ఈ రకం లోపంలో ఉన్న ప్రమాదం అదే. వేడెక్కినప్పుడు వస్తుంది, చల్లారగానే ఆనవాలు లేకుండా పోతుంది. దాన్ని పట్టుకోవాలంటే జరిగేటప్పుడు పక్కనుండాలి, లేదంటే విప్పి చూడాలి.

కొండ దిగేటప్పుడు బ్రేకుల మీద ఎంత బరువు పడుతుందో లెక్క వేసి చూస్తే నాకే భయమేసింది. మనుషులతో కలిపి 1200 కిలోల బండి 100 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, దాన్ని పూర్తిగా ఆపడానికి బ్రేకులు దాదాపు 460 కిలోజౌళ్ల శక్తిని వేడిగా మార్చాలి. 50 కిలోమీటర్ల వేగమైతే అందులో నాలుగోవంతే, 116 కిలోజౌళ్లు. వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. ఇక అదే బండి 500 మీటర్ల ఎత్తు దిగిందంటే దగ్గర దగ్గర 5900 కిలోజౌళ్లు. అంటే 100 వేగంలో పోతున్న బండిని వెంటవెంటనే 12, 13 సార్లు ఆపినంత. గాలి కొంత మోస్తుంది, గేర్ తగ్గిస్తే ఇంజన్ కొంత మోస్తుంది. మిగిలిందంతా నాలుగు చక్రాల దగ్గరున్న ఇనుములోకే వెళ్ళాలి, అందులోనూ ఎక్కువ భాగం ముందు రెండింటికి. బ్రేక్ వేయగానే బరువు ముందుకి వాలుతుంది కాబట్టి మామూలుగానే ముందు బ్రేకులది పెద్ద పని.

ఇప్పుడు ఆ ముందు రెండింట్లో ఒకటి సగమే పనిచేస్తూ, వదిలినా వదలకుండా రాసుకుంటూ ఉందనుకోండి. మా బండిలో జరిగింది అదే.

చాలా కార్లలో కాలిపర్‌కి పిస్టన్ ఒకవైపే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ని డిస్క్‌కి అదమగానే, ఆ ఎదురు తోపుకి కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జారి, బయటి ప్యాడ్‌ని కూడా లాక్కొచ్చి డిస్క్‌కి ఆనిస్తుంది. ఆ జారుడు పిన్నులు చిటికెన వేలంత ఉంటాయి. మీద చిన్న రబ్బరు బూటు, లోపల కాస్త గ్రీజు. బూటు చిరిగితే నీళ్ళు, దుమ్ము చేరి పిన్ను పట్టేస్తుంది. పట్టేసిందంటే కాలిపర్ కదలదు. లోపలి ప్యాడే మొత్తం పని చేస్తుంది, పెడల్ వదిలాక సరిగ్గా వెనక్కి రాదు. నా ఎదురుగా ఉన్న రెండు ప్యాడ్ల కథ ఇంతే. పై పిన్ను వేలితో లాగితే వచ్చింది. కింది పిన్ను పానా వేసి తిప్పుతూ, తట్టుతూ, ముప్పావుగంట పోరాడితే గానీ ఊడలేదు. ఎర్రటి తుప్పు పొడి రాలింది. గ్రీజు చుక్క కూడా లేదు. ఎనిమిది నెలల కిందట కొత్త ప్యాడ్లు వేసినప్పుడు ఈ పిన్నుని ఎవరూ ముట్టుకోలేదని నాకు అప్పుడు తెలిసింది. పై బోల్టు విప్పి, కాలిపర్‌ని తలుపులా లేపి, ప్యాడ్లు మార్చి, మళ్ళీ మూసేసి ఉంటారు. ప్యాడ్లు అలా మార్చేయొచ్చు కూడా. పది నిమిషాల పని.

పిన్నులు కొత్తవి వేశాను, బూట్లు కొత్తవి వేశాను. ఈ పిన్నులకి మామూలు గ్రీజు పెట్టకూడదు, రబ్బరు ఉబ్బి పిన్నుని మళ్ళీ పట్టేస్తుంది. సిలికాన్ గ్రీజు గానీ బ్రేకుల కోసమే చేసింది గానీ వాడాలి. ఇక అయిపోయిందనుకుని చక్రం బిగించి కాసేపు తిప్పుకొచ్చాను. దిగి చూస్తే ఎడమ చక్రం దగ్గర మళ్ళీ వేడి. జాకీ వేసి లేపి చేత్తో తిప్పితే చక్రం కదలనంటోంది.

కాలిపర్ మీదున్న ఎయిర్ తీసే నిపుల్‌ని పావు మలుపు వదులు చేశాను. చుర్రుమని కొంచెం ద్రవం బయటికి చిమ్మింది. ఆ క్షణమే చక్రం స్వేచ్ఛగా తిరిగింది. అంటే పిస్టన్ బాగానే ఉంది, పెడల్ వదిలాక కూడా లోపల ఒత్తిడి నిలిచిపోతోందన్నమాట. ఈసారి పెడల్ నొక్కి వదిలి, ఇనప పైపు రబ్బరు హోస్‌కి కలిసే చోట వదులు చేశాను. చక్రం అలాగే బిగిసి ఉంది. అటువైపు ఒత్తిడి లేదు, ఇటువైపు ఉంది. దొంగ మధ్యలో ఉన్న హోస్.

ఆ హోస్‌ని పైనుంచి ఎంత చూసినా మచ్చ కనిపించలేదు. పగుళ్ళు లేవు, ఉబ్బు లేదు, నల్లగా నిగనిగలాడుతోంది. విప్పి తీసి నిలువునా కోశాను. లోపలి పొర ఉబ్బి, ఒకచోట ఊడి, నాలుకలా వేలాడుతోంది. సూది దూరేంత సందు కూడా లేదు. పైన పటారం, లోన లొటారం అంటారే, అచ్చంగా అదే. కాలితో తొక్కిన బలానికి ద్రవం ఆ నాలుకని తోసుకుని కాలిపర్‌లోకి వెళ్తుంది. తిరిగి రావడానికి ఆ బలం ఉండదు. పిస్టన్‌ని వెనక్కి లాగేది దాని చుట్టూ ఉన్న రబ్బరు రింగే, అడ్డంగా కోస్తే చతురస్రంలా ఉంటుంది. నొక్కినప్పుడు అది కొంచెం మెలి తిరుగుతుంది, వదలగానే నిటారై పిస్టన్‌ని వెంట్రుకవాసి వెనక్కి తెస్తుంది. అంత చిన్న లాగుడుకి మూసుకుపోయిన హోస్‌లోంచి ద్రవం రాదు. బ్రేక్ పడే ఉంటుంది. కొండ మీద నేను కాలు తీశాననుకున్న ప్రతిసారీ ఎడమ చక్రం బ్రేక్ తీయలేదు.

ఆ వేడి ఎక్కడికి పోయిందన్నది తర్వాతి మాట. దాన్ని తట్టుకోవాల్సిన బ్రేక్ ద్రవం గురించే నేను ఎక్కువ చెప్పాలనుకుంటున్నాను.

మనమంతా దాన్ని బ్రేక్ ఆయిల్ అంటాం. ఆ పేరు వల్ల నష్టమే జరిగింది. అది నూనె కాదు. మామూలుగా వాడే డాట్ 3, డాట్ 4 రకాలు గ్లైకాల్ అనే రసాయనాల జాతి ద్రవాలు. తగ్గిందని ఎవరైనా ఇంజన్ ఆయిల్ పోశారంటే లోపలి రబ్బరు సీళ్లన్నీ ఉబ్బి పనికిరాకుండా పోతాయి. నూనె తేమని దూరం పెడుతుంది, ఇది తేమని లాక్కుంటుంది. రబ్బరు హోసుల గోడల్లోంచి, డబ్బా మూతలోంచి కొంచెం కొంచెంగా, ఏళ్ల తరబడి. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. అంతకంటే ఎక్కువ నీరు చేరితే ఇంకా కిందికి. మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవం నొక్కితే కుంచించుకోదు, అందుకే కాలి బలం చక్రం దాకా వెళ్తుంది. ఆవిరి కుంచించుకుంటుంది. పెడల్ నేల దాకా వెళ్తుంది, బలం బుడగల్లోనే ఆగిపోతుంది. చల్లారాక ఆవిరి మళ్ళీ ద్రవమైపోతుంది, పెడల్ గట్టిపడుతుంది. మర్నాడు షెడ్డులో "బాగానే ఉంది కదా" అనిపించుకుంటుంది.

మా బండిలో ఆ ద్రవం చివరిసారి ఎప్పుడు మార్చారో వెతికితే ఎక్కడా రాసి లేదు. ఎడమ కాలిపర్ నిపుల్‌కి సన్నటి ట్యూబు తగిలించి గాజు సీసాలోకి తీస్తే డికాషన్ రంగులో దిగింది, అడుగున నల్లటి నలుసులు. కొత్తది లేత పసుపు రంగులో, దాదాపు నీళ్ళలా ఉంటుంది. రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి ఫోటో తీసి ఇంట్లోవాళ్ళకి చూపించాను. రెండేళ్లకోసారి దీన్ని మార్చమని చాలా కంపెనీలు పుస్తకంలోనే రాస్తాయి. ఇంజన్ ఆయిల్ తేదీ గుర్తుపెట్టుకునే మనం దీన్ని పట్టించుకోం, ఎందుకంటే డబ్బాలో మట్టం మామూలుగా పెద్దగా తగ్గదు. మట్టం తగ్గకపోవడం దాని ఆరోగ్యానికి గుర్తు కాదు. అసలు మట్టం మెల్లగా తగ్గుతూ ఉంటే ప్యాడ్లు అరిగి పిస్టన్లు ముందుకొచ్చాయని గానీ, ఎక్కడో కారుతోందని గానీ అర్థం. ఏం చూడకుండా మీద ఇంకొంచెం పోసేయడం నా దృష్టిలో చాలా పెద్ద తప్పు.

నా వాదన ఇదీ. ప్యాడ్లు అరుగుతాయి, కాబట్టి కంటికి కనిపిస్తాయి, మారుస్తాం. హోసులు, సీళ్ళు, పిన్నుల బూట్లు, ద్రవం అరగవు, ముసలివవుతాయి. బండి కదలకుండా ఇంటి ముందు నిలబడి ఉన్నా ముసలివవుతాయి. వాటిని కిలోమీటర్లతో కొలిస్తే కుదరదు, సంవత్సరాలతో కొలవాలి. కొత్త బండిలో ప్యాడ్లు మాత్రమే మార్చి ఊరుకుంటే ఫరవాలేదు, మిగతావన్నీ వయసులో ఉంటాయి. పదిహేనేళ్ల బండిలో అదే పని చేస్తే, కంటికి కనిపించే ఒక్క వస్తువునే మాటిమాటికీ మారుస్తూ ముసలివాటిని వదిలేసినట్టు అవుతుంది.

ఇంకో సంగతి, మన కాలిని నమ్మకూడదు. బ్రేకులు ఒక్కరోజులో చెడిపోవు. పెడల్ ఈ నెల కొంచెం, వచ్చే నెల ఇంకొంచెం లోతుకి దిగుతుంది. కాలు దానికి అలవాటు పడి అంత ముందుగానే నొక్కడం మొదలుపెడుతుంది. బ్రేక్ వేస్తే బండి కుడికి లాగుతోందంటే చెయ్యి తనంతట తానే స్టీరింగ్‌ని ఎడమకి పట్టుకుంటుంది. కొండ సంగతికి నెల ముందు మా చెల్లెలు బండి తీసుకెళ్ళి వచ్చి, "అన్నయ్యా, ఇదేంటి బ్రేక్ ఇంత లోపలికి పోతోంది? నువ్వెలా నడుపుతున్నావు?" అంది. "పాత బండి కదమ్మా, అలాగే ఉంటుంది" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. రోజూ నడిపేవాడికి తెలియనిది, ఎప్పుడో ఒకసారి నడిపేవాళ్ళకి మొదటి మలుపులోనే తెలిసిపోతుంది. వాళ్ళు చెబితే వినాలి.

నాకు ఎదురుచెప్పేవాళ్ళు రెండు మాటలంటారు. మొదటిది, బండి విలువే అంత లేదు, దానికింత ఖర్చా అని. 1200 కిలోలు 60 వేగంతో పోతున్నప్పుడు దాని శక్తి బండి వయసుని బట్టి తగ్గదు. అమ్మితే ఎంత వస్తుందన్నదానికీ, ఆపడానికి ఎంత దూరం పడుతుందన్నదానికీ సంబంధమే లేదు. బ్రేకులకి ఖర్చు పెట్టలేనంత పాతదైతే ఆ బండిని రోడ్డు మీదికి తీయకూడదు. ఇందులో నేను రాజీపడలేను.

రెండో మాట మాత్రం తీసిపారేయదగ్గది కాదు. పనిచేస్తున్నదాన్ని కెలకొద్దు, పాత బండిలో ఒకటి ముట్టుకుంటే ఇంకోటి విరుగుతుంది అంటారు. నిజమే. వెనక కుడి చక్రం దగ్గర నిపుల్ నా చేతిలోనే విరిగింది. చుట్టూ పట్టుకునే పైపు పానా వాడాను, ముందురోజు తుప్పు వదిలే మందు కొట్టి నానబెట్టాను, అయినా విరిగింది. అప్పుడు చాలా టెన్షన్ పడ్డాను. వేరే దారిలేక ఆ వీల్ సిలిండర్, అంటే డ్రమ్ము లోపల షూలని తోసే భాగం, విప్పితే, దాని రబ్బరు మూత కింద తడి. లోపలి సీలు అప్పటికే కారుతోంది. ఇంకొన్నాళ్ళకి ఆ తడి డ్రమ్ముకి రాసుకుని చక్రాన్ని ఆపే బ్రేక్ షూల మీదికి దిగేది. అది కెలికితే విరిగింది కాదు, కెలికితే బయటపడింది.

కానీ కెలికేటప్పుడు తెలిసి కెలకాలి. ఎయిర్ తీసేటప్పుడు పక్కనున్నవాళ్ళని పెడల్ నేలకి ఆనేదాకా తొక్కమంటాం కదా, పాత బండిలో అలా చేయకూడదు. పెడల్ నొక్కితే ద్రవాన్ని తోసే మాస్టర్ సిలిండర్ లోపల సీళ్ళు రోజూ తిరిగే దూరం వరకే గోడ నున్నగా ఉంటుంది, ఆ తర్వాత తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి. ఒక్కసారి అంత లోతుకి నెడితే సీలు అంచు గీసుకుపోతుంది. బ్రేకులు బాగుచేద్దామని మొదలుపెట్టి మాస్టర్ సిలిండర్ పోగొట్టుకున్నవాళ్ళు చాలామంది ఉంటారు. పెడల్ కింద ఒక చెక్క దిమ్మ పెడితే చాలు. ప్యాడ్లు వేయడానికి పిస్టన్‌ని వెనక్కి నెట్టేటప్పుడు కూడా నిపుల్ తెరిచి ఆ మురికి ద్రవాన్ని బయటికే వదలాలి, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న బండ్లలో మరీ ముఖ్యం. లేకపోతే ఆ నలుసులన్నీ పైకెళ్ళి సన్నటి వాల్వుల్లో చేరతాయి.

వెనక డ్రమ్ముల గురించి ఎక్కువ చెప్పను. పెడల్ లోతుగా దిగడానికి చాలాసార్లు కారణం వెనక షూలకీ డ్రమ్ముకీ మధ్య సందు పెరగడమే, దానంతటదే సర్దుకునే అడ్జస్టరు తుప్పుపట్టి ఆగిపోతుంది. పైగా డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి షూకి దూరమవుతుంది. డిస్క్ వేడెక్కితే మందమై ప్యాడ్‌కి దగ్గరవుతుంది. 1953లో డిస్క్ బ్రేకులతో జాగ్వార్ కారు ఫ్రాన్స్‌లోని లె మాన్ రేసు గెలిచాక అందరి చూపూ వాటి మీద పడటం వెనక ఇలాంటి కారణాలే ఉన్నాయి. ఒక్క జాగ్రత్త చెప్పాలి. డ్రమ్ములోని దుమ్ముని గాలి కొట్టి ఊదకండి, నోటితోనూ ఊదకండి. పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, పీల్చితే ఊపిరితిత్తులకి ప్రమాదకరమైన నార లాంటి ఖనిజం అది. అమెరికా క్రైసోటైల్ అనే రకం ఆస్బెస్టాస్‌ని నిషేధించింది 2024లోనే, అంటే ఎంత ఆలస్యంగానో చూడండి. తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ కవర్లో కట్టి పారేయాలి.

డిస్కుల మీద కనీస మందం అచ్చుగుద్ది ఉంటుంది. మావాటి మీద 15 మిల్లీమీటర్లని ఉంది. మైక్రోమీటరుతో కొలిస్తే ఎడమది 15.2 వచ్చింది. ఇంకా హద్దులోనే ఉంది కదా అని వదిలేయొచ్చు, కానీ కొత్త ప్యాడ్లు ఆ హద్దుని దాటించేస్తాయి. రెండువైపులా కొత్తవి వేశాను, ఒకవైపే మారిస్తే రెండు చక్రాలూ సమానంగా పట్టవు. వేసేముందు డిస్క్ కూర్చునే హబ్ ముఖాన్ని వైరు బ్రష్‌తో మెరిసేదాకా రుద్దాను. అక్కడ ఒక్క తుప్పు రేకు మిగిలినా డిస్క్ ఓ పిసరు వంకరగా కూర్చుంటుంది, కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత పెడల్ అదరడం మొదలవుతుంది.

ఇదంతా అందరూ సొంతంగా చేయాలనడం లేదు. స్టాండ్లు లేకుండా వట్టి జాకీ మీద బండి నిలబెట్టి కింద దూరేవాళ్ళయితే అసలు చేయకూడదు. షెడ్డులో ఇచ్చినా సరే, పిన్నులు తీసి గ్రీజు పెట్టారా, ద్రవం మొత్తం మార్చారా, హోసులు ఎన్నేళ్ళవి అని అడగండి. పాత సామాను మీ చేతికివ్వమనండి. ఒకే చక్రంలోని రెండు ప్యాడ్లు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, చాలా సంగతులు అవే చెబుతాయి.

నిన్న సాయంత్రం అంతా బిగించాక, బండి కదిపేముందు పెడల్‌ని మెల్లగా నొక్కుతూ వచ్చాను. వెనక్కి నెట్టిన పిస్టన్లు మళ్ళీ ప్యాడ్లని చేరేదాకా మొదటి కొన్ని నొక్కులకి బ్రేకే ఉండదు. ఇది మర్చిపోయి రివర్స్ తీసి గోడకి గుద్దినవాళ్ళున్నారు. ఆరో నొక్కుకి పెడల్ పైనే నిలబడింది. ఖాళీ రోడ్డు చూసుకుని 60 నుంచి 20కి పదిసార్లు, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ వేగం తగ్గించాను. కొత్త ప్యాడ్ పదార్థం డిస్క్ మీద సమంగా పరుచుకోవాలంటే ఇది తప్పదు. స్టీరింగ్ మీద చేతులు వదులుగా ఉంచి బ్రేక్ వేస్తే బండి అటూ ఇటూ లాగకుండా తిన్నగా ఆగింది.

ఇంటికొచ్చి దిగి, ముందు రెండు చక్రాల దగ్గరా తాకకుండా అరచెయ్యి పెట్టి చూశాను. రెండువైపులా ఒకేలాంటి వేడి. బ్రేక్ ద్రవం డబ్బా మూత మీద చిన్న కాగితం అంటించి తేదీ రాశాను. వెనక ఎడమ హ్యాండ్ బ్రేక్ కేబుల్ ఇంకా కొంచెం బిగువుగానే ఉంది, వదిలాక ఆలస్యంగా వస్తోంది. కొత్తది ఆర్డర్ పెట్టాను, ఆదివారం మళ్ళీ విప్పాలి.